మడత పెట్టని బట్ట

పోయిన వారం మనం పిడుగుని కుట్టుమిషన్ల గది వెనక, ఇస్త్రీ బల్ల మీద పెట్టుకున్న పాత కంప్యూటర్ ముందు వదిలేసి వచ్చాం. మీరు మీ పనుల్లో పడ్డారు, నేను నా పనుల్లో పడ్డాను. ఆ పిల్ల మాత్రం అక్కణ్నించి లేవలేదు. ఇంట్లో పెట్టుకున్న పేరుకి పిడుగే గానీ, ఉద్యోగాలిస్తామని కాలేజీకి వచ్చిన కంపెనీలన్నీ వరసపెట్టి మొండిచెయ్యి చూపించాక తడిసిన అగ్గిపుల్లలా అయిపోయింది.

ఇక మిగిలింది ఒకే ఒక్క దారి. సొంతదారంటూ ఎవరూ లేని సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉంటాయి. ఎవరైనా తీసి వాడుకోవచ్చు, విప్పి లోపలేముందో చూడొచ్చు, చేతనైతే బాగుచెయ్యొచ్చు. వాటిని నడిపేవాళ్లు ఏటా సెలవుల్లో కొందరు విద్యార్థులని ఎంచుకుని, తలా ఒక మెంటర్ని అప్పజెప్పి పని నేర్పిస్తారు. ఎంపిక కావాలంటే ఏం చెయ్యదలుచుకున్నారో ప్రపోజల్ రాసివ్వాలి. అంతకంటే ముందు, చిన్నదో పెద్దదో ఒక మార్పు చేసి, దాన్ని ఆ సాఫ్ట్‌వేర్‌లో చేర్పించుకుని ఉండాలి. పిడుగు చదువు ఈ ఏడాదితో సరి. విద్యార్థినని చెప్పుకునే అవకాశం మళ్లీ రాదు. గడువు రేపు సాయంత్రంతో ముగుస్తుంది.

ఆమె ఎంచుకున్నది దర్జీల సాఫ్ట్‌వేర్. ఒంటి కొలతలిస్తే గుడ్డ ఎలా కత్తిరించాలో గీతలు గీసి చూపిస్తుంది. దానికొక లోపం ఉంది. కుడివైపు కొలతలు తీసుకుని, ఎడమవైపు కూడా అంతేననుకుంటుంది. గుడ్డని మధ్యకి మడిచి రెండు పొరలూ ఒకేసారి కత్తిరించే దర్జీ అనుకోండి. పిడుగు వాళ్లమ్మ కూడా దర్జీయే. ఆవిడా అందరి గుడ్డా మడిచే కత్తిరిస్తుంది, ఒక్క పెద్దకూతురి గుడ్డ తప్ప. దాన్ని మాత్రం బల్ల మీద పూర్తిగా పరిచి, కుడి వేరు, ఎడమ వేరు, ఒక్కో పొరా విడిగా కత్తిరిస్తుంది. ఎందుకో పాత పాఠకులకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లకి కాసేపట్లో తెలుస్తుంది.

ఆ పెద్దకూతురే, అంటే పిడుగు వాళ్ల అక్క, మధ్యాహ్నం భోజనమయ్యాక వెనకగదిలో కిటికీ పక్కన కూర్చుని, పిడుగు ఇంగ్లీషులో రాసిన ప్రపోజల్ దిద్దుతోంది. అక్క ప్రెస్‌లో ప్రూఫ్ రీడర్. ఈరోజు సెలవు. సెలవునాడు కూడా చేతిలో ఎర్రపెన్ను ఉంటే తప్ప ఆవిడకి తోచదు.

"ఏమే, ఈ ఒక్క పేజీలోనే 'అద్భుతమైన' అని ఎన్నిసార్లు రాశావో చూసుకున్నావా? నువ్వు ప్రపోజల్ రాస్తున్నావా, సబ్బులమ్ముతున్నావా?"

"అలా రాస్తేనే పడతారంటక్కా."

"ఎవరు పడతారు? నేనైతే కళ్లు తిరిగి పడ్డాను." ఎర్రపెన్ను నాలుగు చోట్ల బరబరా గీసింది. "ఇదీ తీసెయ్. ఇదీ. 'నేను చిన్నప్పటినుంచి' అని మొదలెట్టిన ప్రతి వాక్యమూ తీసెయ్. నీ చిన్నప్పుడు నువ్వేం చేశావో నాకు తెలుసు. బొత్తాలు మింగావు."

ముందుగదిలో మిషను తొక్కుతున్న అమ్మ కిసుక్కున నవ్వింది. పిడుగు కూడా నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వులు ఎంతోసేపు నిలవలేదని చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు.

అక్క కాగితం తిప్పింది. తర్వాతి పేజీలో ఒక బొమ్మ ఉంది. ముఖం లేదు, చేతులు లేవు. మెడ నించి నడుము దాకా వెనకవైపు గీతలు, అంతే. కుడి భుజం పైకి లేచి ఉంది. ఎడమ భుజం కిందికి జారి ఉంది. మధ్యలో వెన్ను గీత నిటారుగా దిగకుండా ఓ పక్కకి ఒరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది. కింద రెండు వరసల్లో కొలతలు: కుడి ఇంత, ఎడమ ఇంత.

ఎర్రపెన్ను ఆగిపోయింది.

పిడుగు ఇంకా నవ్వు ముఖంతోనే తలెత్తింది. అక్క చెయ్యి మెల్లిగా లేచి తన ఎడమ భుజం మీదికి వెళ్లింది. జాకెట్టు లోపల అమ్మ పెట్టి కుట్టిన మెత్త అక్కడే ఉంటుంది. ఆ మెత్త, ఆ విడివిడి కత్తిరింపు, ఆ పక్కన ఎవరికీ కనపడని ఒక కుట్టు, అన్నీ కలిసి అక్కని చూసేవాళ్ల కళ్లకి తిన్నగా నిలబెడతాయి.

"ఇది ఎవరు?" అంది అక్క.

"ఎవరూ కాదు. ఊరికే... సాంపిల్."

"నేను అక్షరాలు దిద్ది బతుకుతానే. ఒక గీత అటూ ఇటూ అయితే నా కంటికి ఆనుతుంది. ఇది ఎవరు?"

పిడుగు నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

అక్క లేచి వచ్చి కంప్యూటర్ ముందు నిలబడింది. "ఇక్కడేదో అడ్రసు రాశావుగా, 'చేర్చిన మార్పు చూడండి' అని. అది తెరువు."

"ఇప్పుడెందుకక్కా, నెట్ సరిగ్గా..."

"తెరువు."

తెరిచింది. తెరవక ఏం చేస్తుంది?

పిడుగు చేర్పించుకున్న మార్పు ఇదే. ఎడమా కుడీ సమంగా లేని ఒంటికి ఈ సాఫ్ట్‌వేర్ పనికిరాదని రుజువు చెయ్యడానికి ఒక నమూనా ఒంటి కొలతలు పెట్టింది. లోపం చూపించడం ముందు, దిద్దడం తర్వాత. ఆ దిద్దడమే ప్రపోజల్. నమూనాకి ఏదో ఒక పేరుండాలి కదా. ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఒక పాడు అలవాటుంది. తర్వాత మార్చొచ్చులే అని చేతికొచ్చిన పేరు పెట్టేస్తారు, ఆ 'తర్వాత' అన్నది ఎప్పటికీ రాదు. పిడుగు ఆ నమూనాకి 'అక్క' అని పెట్టింది. మార్చడం మర్చిపోయింది. తెలుగు రాని అక్కడివాళ్లంతా అదేదో బొమ్మ పేరనుకున్నారు.

ఆ మార్పుని చూసి ఒప్పుకున్నది ఆమె మెంటర్ కాబోయే మనిషి. ఫోటో పెట్టాల్సిన చోట గుడ్లగూబ బొమ్మ పెట్టుకుంటాడు కాబట్టి ఈ ఇంట్లో ఆయన పేరు గుడ్లగూబ. "ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ఇకమీదట ఎవరు ఏం మార్చినా ముందు ఈ నమూనాతో సరిచూసుకోవాలి" అని ఆయన రాశాడు. ఆ రోజు పిడుగు గాల్లో తేలింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ ఆనందంలోనే అమ్మ కత్తెర దాచేసి అల్లరి చేసింది.

ఆయన మాట కింద ఇంకెవరెవరో రాసిన మాటలు చాలా ఉన్నాయి. అక్క ఒక్కొక్కటే చదివింది. ప్రూఫ్ చదివినట్టు, ఒక్క మాట కూడా వదలకుండా చదివింది.

'నా మార్పుతో అక్క మళ్లీ విరిగింది, క్షమించండి.'

'అక్కని నిలబెట్టడం మన వల్ల కాదేమో!' పక్కన పళ్లికిలించిన ముఖం బొమ్మ.

'గాలొస్తే ఎటు పడుతుందో పందెం వేద్దామా?' దానికి బోలెడు మంది మెచ్చుకోళ్లు.

'మా ఇంట్లో ఇలాంటి మనిషి ఉంది. మీరీ పని చేస్తే రుణపడి ఉంటాం.' దానికి ఎవరూ ఏమీ అనలేదు.

"వాళ్లకి తెలీదక్కా," అంది పిడుగు. "వాళ్లు దాన్ని మనిషనుకోవడం లేదు. పరీక్ష ఫెయిలైతే విరిగిందనే అంటారు మా వాళ్లు. అది వాళ్ల మాట తీరు."

"నన్ను బడిలో ఏమని పిలిచేవాళ్లో నీకు తెలుసా?"

పిడుగుకి తెలుసు. 'ఒంటిరెక్క' అనేవాళ్లు. ఆ పేరు భరించలేక అక్క బడి మానేస్తానని మొండికేస్తే, ఏ పుస్తకంలోనూ లేని కత్తిరింపు అమ్మ తనంతట తను నేర్చుకుంది. ఎన్ని గుడ్డలు పాడుచేసిందో లెక్కలేదు. చివరికొకటి కుదిరింది. కొత్త బడిలో ఆ పేరు లేదు. కాలేజీలో లేదు. ప్రెస్‌లో అసలే లేదు. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ అయితే 'నీ జాకెట్లు ఎవరు కుడతారమ్మా, ఎంత బాగా నప్పుతాయో' అని అడుగుతుంది.

"తెలుసు," అంది పిడుగు.

"తెలిసే పెట్టావా?"

ముందుగదిలో మిషను చప్పుడు ఆగింది. అమ్మ మెడలో టేపుతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. స్క్రీన్ మీద గీతలు చూసింది. దర్జీ కదా, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఒంటిని ఈ లోకంలో అందరికంటే బాగా ఎరిగినది ఆవిడే.

"అమ్మా, కొలతలు దీనికెవరిచ్చారు?" అక్క వెనక్కి తిరగకుండానే అడిగింది.

అమ్మ టేపు చివర వేలికి చుట్టుకుంది. "అడిగిందమ్మా. చదువు కోసమంది. ఆ పెట్టె మన గదిలోనే ఉంది కదా, అందులో పెట్టుకుంటుంది కాబోలు అనుకున్నాను. పెట్టెలో పెడితే ఊరంతా చూస్తుందని నాకేం తెలుసు?"

"ఊరు కాదమ్మా," అంది అక్క. "ఊరైతే ఇల్లు మారేవాళ్లం."

ఆ మాట ఎంత మెల్లిగా అందంటే, అరిచినా బాగుండేదని పిడుగుకి అనిపించింది. అక్క అరవదు. కోపమొస్తే ఇంకా మర్యాదగా మాట్లాడుతుంది. అందుకే ఆవిడంటే ఇంట్లో అందరికీ భయం.

"తీసెయ్," అంది అక్క.

"తీసేస్తాను. ఇప్పుడే తీసేస్తాను." పిడుగు కీబోర్డు మీదికి వంగింది, మళ్లీ ఆగింది. అబద్ధం చెప్పి గట్టెక్కే వీలుంది. నమూనా చెరిపేసి, చూడు పోయింది అంటే అక్క నమ్ముతుంది. కానీ ఆ ముఖం చూస్తూ రెండో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "కానీ అక్కా... ఇక్కడ చెరిపినా పాతది అలాగే ఉంటుంది. ఎవరు ఏం చేర్చారు, ఎవరు ఏం తీసేశారు, అన్నీ దాచుకుంటుందిది. తీసేసినట్టు కూడా రాసి పెట్టుకుంటుంది. వెనక్కి వెళ్లి చూస్తే మళ్లీ కనిపిస్తుంది."

"మరి మొత్తానికే పోవాలంటే?"

"మెంటర్ని అడగాలి."

"అడుగు. నేనిక్కడే ఉంటాను."

పిడుగు గుడ్లగూబకి విడిగా ఉత్తరం రాసింది. అవి నిజం మనిషి కొలతలని, ఆ మనిషిని అడక్కుండా పెట్టానని, పూర్తిగా చెరపడానికి దారుంటే చెప్పమని. అక్క పక్కన నిలబడి చూస్తూనే ఉంది. ఒక చోట అక్షరం తప్పు పోతే అలవాటుగా వేలు పెట్టి చూపించింది. పిడుగుకి ఏడుపొచ్చింది. దిద్దుకుని, పంపించింది.

ఇద్దరూ జవాబు కోసం ఎదురుచూశారు. ఇస్త్రీ పెట్టె వేడికి కమిలిన మచ్చలు బల్ల నిండా ఉన్నాయి. పిడుగు వాటినే చూస్తూ కూర్చుంది. అమ్మ వచ్చి మంచినీళ్లు పెట్టి వెళ్లింది. ఎవరూ తాగలేదు. ఎండ కిటికీ దిగి గోడ వైపు జరిగింది.

గుడ్లగూబ మంచివాడు. మంచివాడు కాకపోయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒకరుండేవారు. ఆయన రాసింది ఇదీ:

'అవి మీరు ఊహించి రాసిన కొలతలనుకున్నాను. నిజం మనిషి కొలతలని తెలిస్తే ఆ రోజే ఒప్పుకునేవాణ్ని కాదు. చెరపడానికి దారుంది. మీరు చేర్చిన రోజు దాకా వెనక్కి వెళ్లి, అక్కణ్నించి అంతా తిరగరాయాలి. అందరూ తమ దగ్గరున్న కాపీలు పారేసి కొత్తవి తీసుకోవాలి. అందరూ తిట్టుకుంటారు, ఫర్వాలేదు, ఆ తిట్లు నేను పడతాను. కానీ ఎవరి దగ్గరైనా పాత కాపీ మిగిలిపోతే నేనేమీ చెయ్యలేను. ఇంకొక్క మాట. మీరు చేర్చింది ఆ నమూనా ఒక్కటే. అది పోతే మీ పేరు మీద ఇక్కడ ఏమీ ఉండదు. అప్పుడు మీ ప్రపోజల్ చదవడానికి కూడా నాకు అధికారం లేదు. కొత్త మార్పు ఏదైనా పంపినా ఇద్దరం చూసి ఒప్పుకోవాలి. ఆ రెండో మనిషి గడువు దాటాక గానీ రాడు. చెయ్యమంటే ఈ రోజే చేస్తాను. మీరే చెప్పాలి.'

పిడుగు దాన్ని పైకి చదివింది. చివరి మాటల దగ్గర ఆగిపోతే, మిగతాది అక్కే చదువుకుంది.

"అంటే," అంది అక్క, "తీసినా పూర్తిగా పోతుందో లేదో తెలీదు. నీది మాత్రం తప్పకుండా పోతుంది."

పిడుగు తలూపింది.

"మా ప్రెస్‌లోనూ అంతేలే. అచ్చయి బయటికి పోయాక తప్పు కనబడితే తరవాతి కాగితంలో సవరణ వేస్తాం. సవరణ ఎవరు చదువుతారు? తప్పు చదివినవాళ్లు చదివేశారు." కుర్చీ మీద పడి ఉన్న ప్రపోజల్ కాగితాలు తీసి, అంచులు సరిచేసి, చెల్లెలి ముందు పెట్టింది. "మొదటి మూడు పేజీలు దిద్దాను. బాగానే ఉంది. 'అద్భుతమైన' తీసేస్తే ఇంకా బాగుంటుంది."

"అక్కా, నువ్వు చెప్పు. నువ్వు తీసెయ్యమంటే తీసేస్తాను. ఒట్టు."

"నన్నెందుకు చెప్పమంటావు? పెట్టేటప్పుడు అడిగావా?"

పిడుగు బల్ల మీది మచ్చని గోటితో గీకింది.

"నీ ఇష్టం వచ్చింది రాసుకో," అంది అక్క. "నేను చూడను." అని ముందుగదిలోకి వెళ్లిపోయింది.

ఇక ఇక్కడ ఆ పిల్ల బుర్రలో ఏం తిరిగిందో చెప్పాలి. చెబితే మీకు కోపం వస్తుంది. ముందు 'తీసెయ్యండి' అనే టైపు చేసింది. తర్వాత దాన్ని చూస్తూ కూర్చుంది. తీసేసినా పూర్తిగా పోదని ఆయనే అంటున్నాడు కదా. చూసినవాళ్లు చూసేశారు. పోయినదానికి తోడు ఇంకొకటి పోగొట్టుకుంటే ఎవరికి లాభం? అక్క మాత్రం మామూలైపోదా, రెండ్రోజులు మాట్లాడదు, ఆ తర్వాత మళ్లీ ఎర్రపెన్ను పట్టుకుని వస్తుంది. పేరు మార్పిస్తే చాలదా? సెలెక్టయితే ఈ సాఫ్ట్‌వేర్ బాగుపడుతుంది, అక్కలాంటి వాళ్లందరికీ... ఇలా ఒక్కో మెట్టూ తనే కట్టుకుని దిగింది. ఆ అక్కలాంటి వాళ్లందరి పేరూ చెప్పుకుంది గానీ, చివరి మెట్టు మీద నిలబడి ఉన్నది తను ఒక్కతేనని ఆమెకి తెలుసు. తెలిసే దిగింది.

'తీసెయ్యండి' చెరిపేసింది. 'ఉంచండి. పేరు మాత్రం మార్చండి' అని రాసింది. ఇంకోసారి ఆలోచిస్తే చెయ్యలేనని భయపడి, గబుక్కున పంపేసింది.

నిమిషంలో జవాబొచ్చింది. 'ఆ మనిషి ఒప్పుకున్నట్టేనా?'

పిడుగు 'అవును' అని కొట్టింది. రెండో అబద్ధానికి రాని నోరు, వేళ్లని అడ్డుకోలేదు.

అప్పుడు ముందుగదిలోంచి మాటలు వినిపించాయి.

"మడతపెట్టే కత్తిరించు," అంటోంది అక్క.

"నీకేమైనా పిచ్చా? అది నీ జాకెట్టు గుడ్డే. నువ్వు ఇష్టపడి తెచ్చుకున్నది."

"నాదే. అందుకే చెబుతున్నాను. అందరిదీ ఎలా కత్తిరిస్తావో అలాగే కత్తిరించు. మెత్త వద్దు, ఆ కుట్టు కూడా వద్దు."

"వద్దమ్మా. నా మాట విను. కోపంలో గుడ్డ ముట్టుకోకూడదు."

"ఇంకా ఎవరి దగ్గర దాచాలమ్మా? నువ్వే చెప్పు. ఎవరు మిగిలారు?"

బల్ల మీద గుడ్డ దులిపిన చప్పుడు, అంచుకి అంచు కలిపి అరచేత్తో రాసిన చప్పుడు వచ్చాయి. ఆ తర్వాత కత్తెర.

దర్జీ ఇంట్లో పుట్టిన పిల్లకి కత్తెర చప్పుడు చాలు. ఒక పొర మీద నడిస్తే సరసరమంటుంది. రెండు పొరల మీద నడిస్తే కాస్త బరువుగా, ఆగి ఆగి, బల్లని తగులుతూ నడుస్తుంది. అక్క గుడ్డ మీద పిడుగు ఇన్నేళ్లూ విన్నది సరసరే. ఇప్పుడు వినబడుతున్నది అది కాదు.

కుర్చీ తన్నుకుని ముందుగదిలోకి పరిగెత్తింది. అప్పటికే అయిపోయింది. కత్తెర పట్టింది అక్కే. అమ్మ గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. బల్ల మీద రెండు సగాలు, అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. కుడివైపుది ఎడమవైపు పెట్టినా తేడా తెలియదు. ఇక ఆ గుడ్డ ఏం చేసినా అక్కకి సరిపోదు.

"రేపు ఇదే వేసుకుని ప్రెస్‌కి వెళ్తాను," అంది అక్క. గొంతులో కోపం లేదు. కోపమన్నా ఉంటే పిడుగు కాళ్లు పట్టుకునేది. "పక్క బల్ల ఆవిడ అడుగుతుంది, ఈసారి ఎవరు కుట్టారమ్మా అని. చెబుతాను."

కత్తెర బల్ల మీద పెట్టింది. గుడ్డముక్కల మీద పడిన నూలుపోగులు ఒక్కొక్కటీ ఏరి పక్కన వేసింది. చూడనన్న మనిషి అప్పుడు తలెత్తి చెల్లెలి కళ్లలోకి చూసింది. ఆ చూపులో ఇంకా కొంచెం, పిసరంత, ఆశ ఉంది. పిడుగు చూడలేకపోయింది ఆ పిసరంతనే.

"ఇంతకీ ఆయనకి ఏం రాశావే?"